టూర్ డి ఫ్రాన్స్‌ను నెల్లూరులో కూర్చుని అర్థం చేసుకుంటూ చూడటం ఎలా?

మన వైపు ఇప్పుడు తెల్లవారుజామున మైపాడు రోడ్డు మీద, ఒంగోలు బైపాస్ పక్కన హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్లు తొక్కేవారు తరచుగా కనిపిస్తున్నారు. వారిలో చాలామందికి ఫ్రాన్స్‌లో జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ పేరు తెలుసు. జులైలో ఒకటి రెండు రోజులు ఆసక్తిగా పెట్టి చూస్తారు, పది నిమిషాలకు ఆపేస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. నూట ఎనభై మంది ఒకే గుంపుగా గంటల తరబడి తొక్కుతుంటారు, ఆనాడు అందరికన్నా ముందు గీత దాటినవాడు కాకుండా ఇంకెవరో వెళ్లి పసుపు జెర్సీ వేసుకుంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఈ రేసు మొత్తం రెండు లెక్కల మీద నడుస్తుంది. ఒకటి గడియారం లెక్క, రెండోది ఒంట్లోని శక్తి లెక్క. ఈ రెండింటినీ చూడటం అలవాటైతే, కొత్తవారికి విసుగు పుట్టించే ఆ గంటలే మీకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తాయి. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో వరుసగా చెబుతాను.

మొదట వేళలు సరిచూసుకోండి

వేసవిలో ఫ్రాన్స్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మామూలు స్టేజీ, అంటే ఒక రోజు తొక్కే దారి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలై సాయంత్రం ఐదు, ఐదున్నరకు ముగుస్తుంది, కాబట్టి మనకు సాయంత్రం నాలుగున్నరకు మొదలై రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పూర్తవుతుంది. పని ముగించుకుని, షాపు కట్టేసి ఇంటికి చేరేవారికి ఇంతకన్నా అనుకూలమైన వేళ దొరకదు. మే నెలలో జరిగే ఇటలీ రేసు జీరోకూ, ఆగస్టు, సెప్టెంబరుల్లో జరిగే స్పెయిన్ రేసు వుయెల్తాకూ కూడా ఇదే మూడున్నర గంటల తేడా వర్తిస్తుంది. మూడూ 21 స్టేజీల రేసులే, నడుమ విశ్రాంతి దినాలతో మూడు వారాలు సాగేవే. ప్రసారం ఏ ఛానల్‌లో, ఏ యాప్‌లో వస్తుందో ఏటా మారవచ్చు, కాబట్టి జూన్ నెలాఖరులోనే విచారించి పెట్టుకోండి.

ప్రతిరోజూ ఐదు గంటలు చూడాలని పెట్టుకోకండి. చదునైన స్టేజీ అయితే చివరి గంట చాలు. కొండల స్టేజీ అయితే చివరి రెండున్నర గంటలు చూడండి. గాలి బలంగా వీస్తుందని ముందే చెప్పిన రోజు మాత్రం, స్టేజీ ఎంత చదునుగా ఉన్నా సరే, మొదటి నుంచీ చూడండి. కారణం కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని సెకన్లు రాయండి

ఈ పద్ధతి మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. పసుపు జెర్సీ నిర్ణయమయ్యే తీరు నిజానికి చాలా సరళమైనది. ప్రతి సైక్లిస్టు రోజూ స్టేజీ పూర్తి చేయడానికి తీసుకున్న సమయాన్ని కూడుతూ పోతారు, మొత్తం ఎవరిది తక్కువగా ఉంటే వారు ఆధిక్యంలో ఉన్నట్టు, పసుపు జెర్సీ వారిదే. ఒకే గుంపుగా గీత దాటినవారందరికీ ఒకే సమయం వేస్తారు, అందువల్ల గుంపులో నూరోవాడిగా వచ్చినా మొదటివాడితో పోలిస్తే నష్టమేమీ ఉండదు. ఈ కూడికలో మరో చిన్న సంగతి కలుస్తుంది. మామూలు స్టేజీల్లో గీత దగ్గర మొదటి ముగ్గురికి వరుసగా 10, 6, 4 సెకన్లు బోనస్‌గా వారి మొత్తం సమయంలోంచి తగ్గిస్తారు. ఒక్కొక్కరు విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో ఈ బోనస్ ఉండదు.

పుస్తకంలో రోజుకు ఒక వరుస చాలు. స్టేజీ సంఖ్య, ఆధిక్యంలో ఉన్నవారి పేరు, రెండో, మూడో స్థానాల వారు ఎన్ని సెకన్లు వెనకబడ్డారు, నిన్నటితో పోలిస్తే ఆ అంకె ఎందుకు మారింది, ఇంతే రాయండి. చివరి గడిలో కారణం రాయడమే అసలు పాఠం.

దీన్ని ఒక నిజమైన ఉదాహరణతో చేసి చూపిస్తాను. 2020లో కొవిడ్ వల్ల టూర్ జులైలో కాకుండా ఆగస్టు 29న మొదలై సెప్టెంబరు 20న ముగిసింది. స్లొవేనియాకు చెందిన ఇద్దరి మధ్య పోటీ నడిచింది. ప్రిమోజ్ రోగ్లిచ్ బలమైన యంబో విస్మా జట్టులో అనుభవజ్ఞుడు, తదేయ్ పొగాచర్ ఇరవై రెండేళ్లు ఇంకా నిండని కొత్తవాడు. ఏడో స్టేజీలో పక్కగాలికి గుంపు ముక్కలైపోయి పొగాచర్ ఒక నిమిషం 21 సెకన్లు కోల్పోయాడు. మర్నాడే పిరనీస్ కొండల్లో ఒంటరిగా ముందుకు దూకి సుమారు 40 సెకన్లు వెనక్కు తెచ్చుకున్నాడు. తొమ్మిదో స్టేజీలోనూ, పదిహేనో స్టేజీలోనూ అతడు మొదట, రోగ్లిచ్ రెండో స్థానంలో కలిసే గీత దాటారు. చూసేవారికి ఇద్దరూ కలిసి వచ్చినట్టే కనిపిస్తుంది, కాని బోనస్ పది సెకన్లకూ ఆరు సెకన్లకూ ఉన్న తేడా వల్ల ఒక్కోసారి నాలుగు సెకన్లు తగ్గాయి. పదిహేనో స్టేజీ ముగిసేసరికి తేడా 40 సెకన్లు. పదిహేడో స్టేజీలో కోల్ ద లా లోజ్ కొండ మీద రోగ్లిచ్ రెండో స్థానంలో, పొగాచర్ అతనికి 15 సెకన్లు వెనకగా మూడో స్థానంలో చేరారు. ఇప్పుడు మీరే కూడి చూడండి. పాత తేడా 40, దారిలో పోయినవి 15, బోనస్‌లో ఆరుకూ నాలుగుకూ ఉన్న తేడా 2, మొత్తం 57 సెకన్లు.

ఆ 57 సెకన్లతోనే వారు ఇరవయ్యో స్టేజీకి వచ్చారు. అది లా ప్లాన్ష్ దే బెల్ ఫీయ్ అనే కొండ మీద ముగిసే 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఒక్కొక్కరే తొక్కాలి కాబట్టి జట్టు బలం అక్కడ ఎవరికీ అక్కరకు రాదు. పొగాచర్ రోగ్లిచ్‌కన్నా ఒక నిమిషం 56 సెకన్లు వేగంగా పూర్తి చేశాడు. 116 సెకన్లలోంచి 57 తీసేస్తే 59 మిగులుతుంది, ఆ 59 సెకన్ల తేడాతో అతడు టూర్ గెలిచాడు. ఆ అంకెలను రోజూ రాసుకుంటూ వచ్చినవారికి, ఆ సాయంత్రం తెర మూలన తగ్గుతూ పోయిన ప్రతి సెకనూ గుండె దడ పుట్టించింది. లెక్క తెలియనివారికి అది ఒక యువకుడు కొండెక్కుతున్న దృశ్యం మాత్రమే.

స్టేజీ బొమ్మ చదవడం

రోజూ ఉదయం అధికారిక వెబ్‌సైట్‌లో ఆనాటి దారి ఎత్తుపల్లాల బొమ్మ ఉంటుంది. అందులో రెండే చూడండి. చివరి పాతిక కిలోమీటర్లలో కొండ ఉందా? గీత కొండ మీద ఉందా, దిగాక ఉందా? చివరంతా చదునైతే ఆనాడు స్ప్రింటర్ల, అంటే ఆఖరి క్షణాల్లో అతివేగంగా దూసుకెళ్లేవారి వంతు, పసుపు జెర్సీ కోసం పోరాడేవారు పడిపోకుండా చేరితే చాలు. గీత కొండ మీద ఉంటే వారే తేల్చుకోవాలి. నడిమి రకం, అంటే ఎగుడుదిగుడు దారులు, ముందుగా విడిపోయి వెళ్లిన చిన్న గుంపుకు అనుకూలిస్తాయి.

గాలిని అర్థం చేసుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే గాలి అర్థం కాకుండా ఈ రేసులో మరేదీ అర్థం కాదు. చదునైన రోడ్డు మీద గంటకు 40, 45 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైక్లిస్టు బలంలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువాడి చక్రం వెనక దగ్గరగా ఉంటే దాదాపు మూడో వంతు శ్రమ తప్పుతుంది, పెద్ద గుంపు నడుమ ఉంటే ఇంకా ఎక్కువ తప్పుతుంది. అందుకే ఎనిమిది మంది జట్టులో ఏడుగురు ఒకరి కోసం గాలికి ఎదురొడ్డి తొక్కుతారు, నీళ్ల సీసాలు మోస్తారు, నాయకుడి చక్రం పంక్చరైతే తమ చక్రం విప్పి ఇస్తారు. ఆ ఏడుగురి పేర్లు ఫలితాల పట్టికలో ఎక్కడో అడుగున ఉంటాయి. నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికన్నా గౌరవించదగినవారు వారే.

చదివితే అర్థమయ్యేదాని కన్నా తొక్కితే అర్థమయ్యేది ఎక్కువ, కాబట్టి రేసు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఈ పని చేయండి. నలుగురు కలిసి తెల్లవారుజామున నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బీచికి వెళ్లండి. రోడ్డు చదును, ఆ వేళ వాహనాలు తక్కువ. వెళ్లేటప్పుడు ఒక వరుసలో, మనిషికీ మనిషికీ సుమారు ఒక సైకిల్ దూరం ఉంచి తొక్కడం అలవాటు చేసుకోండి. ముందువాడి చక్రాన్నే చూస్తూ ఉండకుండా అతని భుజాల మీదుగా రోడ్డును చూడండి, హఠాత్తుగా బ్రేకు వేయకండి, గుంత కనబడితే చేత్తో వెనకవాడికి చూపించండి. అసలు పాఠం తిరుగు ప్రయాణంలో ఉంది. జూన్, జులై నెలల్లో మనకు వీచేది పడమటి గాలి కాబట్టి మైపాడు నుంచి నెల్లూరు వైపు వస్తుంటే అది సూటిగా మొహాన కొడుతుంది. ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు ముందుండి, తర్వాత పక్కకు తొలగి వరుస చివరకు చేరండి. ముందున్నంత సేపు చెవుల్లో గాలి హోరు తప్ప వేరే శబ్దం వినపడదు, తొడలు మండుతాయి. వరుసలోకి చేరిన క్షణంలో ఆ హోరు తగ్గి, వెనక చెయిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, తొక్కుడు తేలికవుతుంది. ఆ తేడా ఒకసారి ఒంటికి తెలిశాక, టీవీలో ఎవరు ముందున్నారు, ఎవరు దాక్కున్నారు అన్నది మీ కంటికి దానంతట అదే కనిపిస్తుంది. హెల్మెట్ లేకుండా ఈ ప్రయత్నం వద్దు. లారీ వెనక గానీ, గడ్డి ట్రాక్టరు వెనక గానీ గాలి చాటుకు దూరి తొక్కడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, ఎదుటి గుంత మీకు కనిపించదు, ఆ డ్రైవరు వేసే బ్రేకుకు మీ బ్రేకు చాలదు.

ఇక పక్కగాలి. నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వెళ్లే జాతీయ రహదారి ఇంచుమించు ఉత్తరంగా సాగుతుంది, కాబట్టి జులైలో పడమటి గాలి ఎడమ పక్క నుంచి కొడుతుంది. ఆ దారిలో బండి మీద వెళ్లినవారికి, బరువైన లారీ పక్కన ఉన్నంతసేపు గాలి ఆగి, అది దాటగానే బండిని కుడివైపుకు తోసేసే అనుభవం తెలిసే ఉంటుంది. అలాంటి గాలిలో సైక్లిస్టుకు ముందువాడి సరిగ్గా వెనక చాటు దొరకదు, కాస్త పక్కగా, గాలి పోయే వైపున దొరుకుతుంది. అందువల్ల ముందున్న జట్టు రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస కడుతుంది. నేలపట్టు మీదుగా ఎగిరే గూడబాతుల బారు గుర్తుకు తెచ్చుకుంటే ఆ ఆకారం మీకు తెలిసిపోతుంది. కాని ఆకాశానికి అంచు లేదు, రోడ్డుకు ఉంది. పది పదిహేను మంది పట్టేసరికి రోడ్డు అయిపోతుంది, ఆ తర్వాతివారికి చాటు మిగలదు. వారు రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరుగా గాలికి పూర్తిగా ఎదురై తొక్కాలి. వారిలో ఒకడు అలసి ముందువాడి చక్రం వదిలాడంటే వెనకున్న అందరూ తెగిపోతారు. పొగాచర్ 2020లో ఏడో స్టేజీలో కోల్పోయిన 81 సెకన్లు ఇలాగే పోయాయి. 2013లో పదమూడో స్టేజీలో అప్పటికే పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ కూడా ఇదే విధంగా ఒక నిమిషానికి పైగా నష్టపోయాడు. ఆ రోజు దారిలో పెద్ద కొండ ఒక్కటీ లేదు. గాలి ఉన్న రోజున మొదటి నుంచీ చూడమన్నది ఇందుకే. జట్లన్నీ గుంపు ముందు భాగానికి ఎగబడుతుంటే, హెలికాప్టర్ దృశ్యంలో చెట్ల కొమ్మలు ఒకవైపుకు వంగి కనిపిస్తుంటే, కాసేపట్లో గుంపు తెగబోతోందని తెలుసుకోండి.

తెర మీది అంకెలు

తెర మూలన ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలి ఉన్నాయో ఒక అంకె, ముందున్న చిన్న గుంపుకూ పెలోటాన్ అనే పెద్ద గుంపుకూ మధ్య తేడా మరో అంకె కనిపిస్తాయి. ఈ రెంటినీ కలిపి చదవాలి. పెద్ద గుంపు నిజంగా వెంటపడితే ప్రతి 10 కిలోమీటర్లకు ఒక నిమిషం చొప్పున తేడాను మింగేయగలదని ఫ్రెంచి వ్యాఖ్యాత రొబేర్ షపాత్ చెప్పిన ఒక అంచనా ఉంది. ముప్పై కిలోమీటర్లు మిగిలి ఉండగా తేడా రెండు నిమిషాలైతే ముందున్నవారు దొరికిపోయే అవకాశమే ఎక్కువ, నాలుగు నిమిషాలైతే గెలిచే ఆశ బలంగా ఉంటుంది. ఇది చదునైన దారులకే సరిపోతుంది. ఆ అంకె తగ్గకుండా ఆగిపోయిందంటే వెంటపడే జట్టు ఎవరిదో, వారు ఎందుకు పని మానేశారో చూడండి. ముందున్న గుంపులో తమవాడు ఒకడు ఉన్న జట్టు వెనక నుంచి తరమదు. ఆ సంగతి కనిపెట్టడానికి జెర్సీల రంగులు నాలుగైదైనా గుర్తుపెట్టుకోండి.

గీతకు సరిగ్గా ఒక కిలోమీటరు ముందు ఎర్ర జెండా వేలాడుతుంది. స్ప్రింట్ స్టేజీల్లో ఆ జెండా దగ్గరికి వచ్చేసరికి ఒక్కో జట్టు రైలు పెట్టెల్లా వరుసకట్టి ఉంటుంది, ముందున్నవాడు తన బలమంతా ఖర్చుపెట్టి పక్కకు తొలగుతాడు, ఆఖరున స్ప్రింటర్ మిగులుతాడు. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటి ఉంటుంది కాబట్టి పడిపోవడాలు ఎక్కువ. అందుకే ఇలాంటి స్టేజీల్లో చివరి మూడు కిలోమీటర్ల లోపల పడినా, సైకిల్ చెడినా ఆ సైక్లిస్టుకు తానున్న గుంపు సమయమే ఇస్తారు. ఇటీవల కొన్ని స్టేజీలకు ఈ హద్దును పెంచుతున్నారు కూడా.

ఆ హద్దుకు బయట పడితే ఏమవుతుందో 2024 మహిళల టూర్ చూపించింది. పసుపు జెర్సీలో ఉన్న డెమి వొలెరింగ్ ఐదో స్టేజీలో హద్దుకు ముందే పడి ఒక నిమిషం 47 సెకన్లు పోగొట్టుకుంది. చివరి రోజు ఆల్ప్ దుయెజ్ కొండ మీద వొలెరింగ్ స్టేజీ గెలిచినా, పోలండ్‌కు చెందిన కతర్జినా నియెవియదోమా మొత్తం మీద 4 సెకన్ల తేడాతో టూర్ నిలబెట్టుకుంది. మహిళల టూర్ ఇప్పటి రూపంలో 2022 నుంచి జరుగుతోంది, సాధారణంగా పురుషుల రేసు ముగిసే సమయానికో, ఆ తర్వాత కొన్నాళ్లకో మొదలై వారం పైచిలుకు సాగుతుంది. మూడు వారాలు వీలుకానివారు దాంతో ప్రారంభించమని నా సలహా. ఎనిమిదీ తొమ్మిది స్టేజీల్లోనే ఈ లెక్కలన్నీ కనిపిస్తాయి, పోటీ కూడా మరింత బిగువుగా ఉంటుంది.

కొండల్లో ఏం చూడాలి

కొండలకు నాలుగో వర్గం నుంచి ఒకటో వర్గం వరకు గుర్తులు ఉంటాయి, నాలుగోది తేలిక, ఒకటోది కఠినం. ఒకటో వర్గాన్ని కూడా మించినవాటిని వర్గాలకు అతీతమైనవిగా విడిగా చూపుతారు. వాలును శాతంలో చెబుతారు. ఎనిమిది శాతం అంటే నూరు మీటర్లు ముందుకు వెళితే ఎనిమిది మీటర్లు పైకి ఎక్కినట్టు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లో బస్సు గేరు తగ్గించి మూలిగే మలుపులు మీకు తెలుసు కదా, ఆల్ప్ దుయెజ్ మీద అలాంటి మలుపులు 21 ఉన్నాయి, 13.8 కిలోమీటర్ల పొడవునా సగటు వాలు 8.1 శాతం, నడుమ సేదతీరే చదును దాదాపు ఉండదు.

నిటారు దారిలో వేగం తగ్గుతుంది కాబట్టి చాటు వల్ల కలిగే లాభమూ తగ్గుతుంది. జట్టు సహాయం ఒక్కొక్కరుగా రాలిపోతుంది, చివరకు నాయకులే మిగులుతారు. అప్పుడు కాళ్లకన్నా ముఖాలూ భుజాలూ చూడండి. జెర్సీ జిప్పు పూర్తిగా విప్పుకున్నవాడు, భుజాలు ఊపుతున్నవాడు, మాటిమాటికీ వెనక్కు తిరిగి తన జట్టువాడి కోసం చూస్తున్నవాడు కష్టంలో ఉన్నట్టు. నోరు మూసుకుని నిలకడగా కూర్చుని తొక్కేవాడి దగ్గర ఇంకా మిగులు ఉంది. 2022లో పదకొండో స్టేజీ దీనికి మంచి పాఠం. గాలిబియే కొండ దారిలో రోగ్లిచ్, యోనాస్ వింగెగోర్ మార్చి మార్చి దాడి చేశారు. పొగాచర్ ప్రతిదానికీ తానే స్వయంగా వెంటపడి జవాబు చెప్పాడు. చూసేవారికి అతడు అజేయుడిలా కనిపించాడు, నిజానికి అప్పుడే అతని ఖజానా ఖాళీ అవుతోంది. చివరి కొండ గ్రానో మీద వింగెగోర్ ఒక్కసారి ముందుకు దూకగానే అతడు నిలవలేకపోయాడు, దాదాపు మూడు నిమిషాలు, దాంతోపాటు పసుపు జెర్సీ పోయాయి. ఆ స్టేజీని చివరి పావుగంట మాత్రమే చూసినవారికి అది హఠాత్తుగా జరిగినట్టు అనిపిస్తుంది.

ఇదంతా తిండితో కూడా ముడిపడి ఉంది. ఇప్పటి సైక్లిస్టులు స్టేజీలో గంటకు 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం తీసుకుంటారు. 120 గ్రాములంటే, మన కంచంలో సుమారు 400 గ్రాములకు పైగా వండిన అన్నం. దాన్ని జెల్‌ల రూపంలో, తీపి నీళ్ల రూపంలో, చిన్న అన్నపు ముద్దల రూపంలో, సైకిల్ మీదనే, ప్రతి గంటా లోపలికి పంపాలి. ఒక గంట మరిచిపోతే ఆ లోటు గంటన్నర తర్వాత కొండ మీద బయటపడుతుంది. రోడ్డు పక్కన సిబ్బంది అందించే గుడ్డ సంచులను ఎవరు పట్టుకోలేకపోయారో కూడా గమనించండి.

వెనకబడినవారిని వదిలేయకండి

కొండల స్టేజీ విజేత గీత దాటగానే టీవీ కట్టేయకండి. విజేత సమయం మీద నిర్ణీత శాతం కలిపి ఒక గడువు పెడతారు, స్టేజీ ఎంత కఠినమైతే ఆ శాతం అంత ఎక్కువ. గడువు దాటినవారు ఇంటికి వెళ్లాల్సిందే. బరువైన స్ప్రింటర్లు కొండల్లో ఒక గుంపుగా కూడి, లెక్క వేసుకుంటూ, గడువుకు కాస్త ముందు చేరేలా కలిసి తొక్కుతారు. 2024లో ముప్పై తొమ్మిదేళ్ల స్ప్రింటర్ మార్క్ కావెండిష్ మొదటి స్టేజీలోనే ఎండకు తట్టుకోలేక వాంతి చేసుకుని వెనకబడ్డాడు. జట్టు సహచరులు చుట్టూ ఉండి అతన్ని గడువులోపల స్టేజీ ముగిసే ఊరు రిమినీ చేర్చారు. సరిగ్గా ఐదో స్టేజీలో అతడు తన 35వ టూర్ స్టేజీ గెలిచి, ఎడ్డీ మెర్క్స్ 34 విజయాల రికార్డును దాటాడు. మొదటి రోజు వెనక గుంపులో ఆ సహచరులు చేసిన పని లేకపోతే ఆ రికార్డు లేదు.

మిగతా జెర్సీలు

వీటికి ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. ఆకుపచ్చది పాయింట్లది, ఎక్కువగా స్ప్రింటర్లకు దక్కుతుంది. తెలుపు మీద ఎర్ర చుక్కలది కొండల్లో పాయింట్లు తెచ్చుకున్నవారిది. పూర్తి తెల్లది యువకుల్లో ముందున్నవారిది. పసుపు జెర్సీ 1919 నుంచి ఉంది, రేసు 1903లో మొదలైంది. పాత విజేతల జాబితా చూసేటప్పుడు 1999 నుంచి 2005 వరకు ఖాళీ కనిపిస్తే కంగారు పడకండి. నిషేధిత మందులు వాడినందుకు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లను 2012లో రద్దు చేశారు, ఆ స్థానాలను వేరెవరికీ ఇవ్వలేదు. పిల్లలకు ఈ రేసు పరిచయం చేసేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం.

చివరి రోజు

పారిస్‌లో ముగిసే ఆఖరి స్టేజీలో పసుపు జెర్సీ మీద దాడి చేయకపోవడం ఆనవాయితీ. స్టేజీ మొదట్లో ఫొటోలు దిగుతూ, చేతులు కలుపుకుంటూ నెమ్మదిగా వెళతారు, షాంజెలీజే వీధిలోకి ప్రవేశించాకే అసలు పోటీ. 1989లో ఆఖరి రోజును టైమ్ ట్రయల్‌గా పెట్టారు. అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉండి, 24.5 కిలోమీటర్ల దూరంలో దాన్ని దాటి, లొరాన్ ఫిన్యోఁ మీద 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. 2025లో మొంమార్త్ర్ గుట్టను ఆఖరి స్టేజీలో మూడుసార్లు ఎక్కించారు, తడిసిన రాళ్ల రోడ్డు మీద వౌట్ వాన్ ఆర్ట్ పొగాచర్‌ను వదిలించుకుని గెలిచాడు. కాబట్టి ఆఖరి రోజు ఊరేగింపేనని ముందే తీర్మానించుకోకండి, స్టేజీ బొమ్మ చూసి నిర్ణయించుకోండి. పారిస్ స్టేజీ మామూలు రోజుల కన్నా ఆలస్యంగా, అక్కడి సాయంత్రం వేళ ముగుస్తుంది, కాబట్టి మనకు ఆదివారం రాత్రి పదిన్నర, పదకొండు దాకా మేలుకోవలసి రావచ్చు. ఆ రోజు భోజనాలు ముందే ముగించుకుని కూర్చోండి, సోమవారం తెల్లవారుజామున మైపాడు వెళ్లే ఆలోచన ఉంటే దాన్ని మంగళవారానికి మార్చుకోండి.